ఎడంచేతి ముడి

డెబ్బై ఏడేళ్ల బతుకులో డెలీమా కోరుకున్నది ఒక్కటే. బాతుల సరస్సు తూర్పు గట్టు మీద, వాళ్ల అమ్మమ్మ సమాధి పక్కన, ఒక్కసారి రెండు కాళ్లూ నేలకి ఆనించి నిలబడాలని. అదేమంత గొంతెమ్మ కోరిక? ఆ గట్టు వాళ్లదే. అయినా అరవై రెండేళ్లుగా ఆవిడ దాన్ని నీళ్ల మీంచే చూస్తూ వచ్చింది, పడవలో కూచుని, సొంత ఇంట్లోకి కిటికీలోంచి తొంగిచూసినట్టు.

గట్టు ఎలా పోయిందో చెప్పాలంటే కుట్టుమిషన్ దగ్గర మొదలుపెట్టాలి.

డెలీమాకి తొమ్మిదేళ్లప్పుడు కలప కంపెనీ మనిషి ఒకడు గుర్రబ్బండిలో కుట్టుమిషన్ వేసుకుని వాళ్ల అమ్మమ్మ వాబిగోన్ గుడిసె ముందు దిగాడు. నల్లగా నిగనిగలాడుతూ, బంగారు రంగు తీగెలూ పూలూ వేసిన మిషన్. కాలితో తొక్కితే గిర్రున తిరిగేది. ఆడవాళ్లంతా చుట్టూ మూగారు.

"ఊరికే ఇస్తున్నారు పెద్దమ్మా! ముట్టినట్టు ఇదిగో ఇక్కడ వేలిముద్ర వెయ్యి, చాలు" అన్నాడు వెంట వచ్చిన దుబాసీ. వాడూ వీళ్ల ఓజిబ్వే తెగవాడే. మనవాడే కదా అని వాబిగోన్ నమ్మింది. నమ్మకేం చేస్తుంది, మేనల్లుడి వరసవాడు! బొటనవేలికి సిరా పూసుకుని ముద్ర వేసింది. ఆ కాగితంలో మిషన్ మాటే లేదు. ఉన్నదల్లా తూర్పు గట్టు ఎనభై ఎకరాలు.

ఆ మిషన్‌ని ఏం చెయ్యాలో వాబిగోన్‌కి చాలాకాలం తోచలేదు. సరస్సులో పారేద్దామనుకుంది. కానీ ఇనుము చేసిన పాపమేముంది? చివరికి దాని మీద పిల్లలందరికీ బొంతలు కుట్టింది, కుట్టినంతసేపూ ఆ దుబాసీని తిడుతూనే కుట్టింది. ఆ బొంతలు ఎంత వెచ్చగా ఉండేవో ఆ తిట్లు అంత ఘాటుగా ఉండేవని డెలీమా చెబుతుంది.

కంపెనీవాళ్లు పైన్ చెట్లన్నీ నరుక్కుని వెళ్లిపోయారు. మొండి గట్టుతో వాళ్లకేం పని? అందుకని మరి కొన్నేళ్లు వాబిగోన్ కుటుంబం పంటకాలంలో అక్కడే గుడారాలు వేసుకుంది. ఆవిడ చనిపోతే అక్కడే గుట్ట మీద పూడ్చి, తమ ఆచారం ప్రకారం పైన చిన్న చెక్క ఇల్లు కట్టారు. ఆ తర్వాత రెండేళ్లకి, 1921లో, హాల్వర్సన్ అనేవాడు ఆ గట్టు కొన్నాడు. చేపలు పట్టడానికి పట్నం నుంచి వచ్చేవాళ్ల కోసం గదులు కట్టాడు, మోటారు పడవలు తెచ్చాడు, చుట్టూ ముళ్లకంచె వేశాడు. లోపలికి రాకూడదని బోర్డు పెట్టాడు. ఆ రోజు నుంచి మనవరాలు అమ్మమ్మ సమాధిని నీళ్ల మీంచే చూడాలి.

అయితే, కంచె నేల మీదే పడింది. నీళ్లలో ఎవడు వెయ్యగలడు?

నీళ్లలో మనోమిన్ ఉంది. ఎవరూ విత్తకుండా, ఎవరూ నాటకుండా సరస్సులో తనంతట తాను పండే నల్ల ధాన్యం. ఆగస్టులో, గింజ ఇంకా పాలు పోసుకుంటుండగానే, ఆడవాళ్లు పడవల్లో వెళ్లి వెన్నులు గుప్పెడు గుప్పెడు దగ్గరికి లాగి, చెట్టు నారతో పేనిన తాడు చుట్టి ముడేసేవాళ్లు. అలా కడితే పిట్టలు తినవు, గాలికి గింజ రాలదు. అదొక్కటే కాదు, ఏ కుటుంబం ముడి ఆ కుటుంబానిదే. ముడి చూస్తే చాలు, ఆ వరస ఎవరిదో ఊరంతటికీ తెలుస్తుంది. ఇంకొకళ్ల ముడి విప్పిన మనిషి ఆ సరస్సు ఒడ్డున పుట్టలేదు.

వాబిగోన్ ముడి మూడు చుట్లు. తాడు కుడి నుంచి ఎడమకి వస్తుంది, కొస లోపలికి దోపేస్తారు, బయటికి కనబడదు. పోయేముందు ఆవిడ డెలీమా చెయ్యి పట్టుకుని ఒక్క మాటే అడిగింది. "ప్రతి ఏడూ కట్టు తల్లీ. ఒక్క ఏడూ మానకు. మనం ఇక్కడే ఉన్నామని అందరికీ తెలియాలి."

కడతానని డెలీమా మాటిచ్చింది.

ఈ ముడి నేర్చుకోలేని వాడు ఆ ఇంట్లో ఒకడుండేవాడు. బాజిల్. డెలీమా మేనమామ కొడుకు, ఆవిడ కంటే రెండేళ్లు పెద్ద. వాడిది ఎడంచేతి వాటం. వాబిగోన్ ఎన్నిసార్లు నేర్పినా వాడి చేతిలో తాడు అడ్డంగా తిరిగేది, కొస బయట కుక్కతోకలా వేలాడేది. "నీకు ముడి రాదు, నువ్వు పడవ తొయ్యి నాయనా" అని చివరికి ఆవిడే చేతులెత్తేసింది.

బావా మరదళ్లు కదా, ఎగతాళికి హద్దేముంటుంది? డెలీమాకి పదిహేనేళ్లు వచ్చిన దగ్గర్నుంచి ఆ సరస్సు మీద వెన్నులు కట్టేవాళ్లు ఒక్కొక్కరే మానేశారు. కంచెలు పడ్డాక ఎవరి వరస ఎవరిదో చెప్పుకోవడం ఎవరికి కావాలి? అందరూ కట్టకుండానే కోసుకుంటున్నారు. డెలీమా ఒక్కతే ప్రతి ఆగస్టులో పడమటి ఒడ్డు నుంచి పడవలో సరస్సు దాటి, హాల్వర్సన్ రేవు ముందున్న తమ వరసలో ముప్పై నలభై కట్టలు కట్టి వచ్చేది. పడవని రోడ్డు మీంచి నీళ్లదాకా మోసుకురావడానికి బాజిల్ సాయం చేసేవాడు. ఆ తర్వాత టోపీ మొహం మీద వేసుకుని చెట్టు కింద పడుకునేవాడు.

"ఎవరికోసమే మరదలా ఈ కట్టడాలు? బాతులకి జడలేస్తున్నావా?" అనేవాడు.

"నీకు చేతకాదు కాబట్టి కుళ్లు నీకు."

"చేతకాక కాదు. నాకు బుద్ధుంది కాబట్టి."

"ఉంటే ఇన్నాళ్లూ దాన్ని ఎక్కడ దాచావు బావా?"

ఏటా ఇదే తంతు. ఏటా హాల్వర్సన్ కూడా తన తంతు తాను నడిపేవాడు. ఆ తాళ్లు మోటారు పడవ పంకాలో చుట్టుకునేవి. వాడు రేవు మీద నిలబడి గంతులేస్తూ అరిచేవాడు. మూడుసార్లు షెరీఫ్ డెలీమా ఇంటికి వచ్చాడు. ఒకసారి ఒక రోజంతా లాకప్‌లో కూర్చోబెట్టాడు. "నీమీద కాగితాలు పడుతున్నాయమ్మా, ఏటేటా పడుతున్నాయి" అని భయపెట్టాడు. కాగితమంటే డెలీమాకి ఎప్పుడూ గుండెదడే. ఒక్క కాగితం ఎనభై ఎకరాలు మింగింది, అన్ని కాగితాలు కలిసి ఇంకేం మింగుతాయో! అయినా మరుసటి ఏడు ఆగస్టుకి మళ్లీ తాడు పేనేది. మొండిఘటం.

ఆవిడ పెళ్లాడిన అలెక్సీ నెమ్మదైన మనిషి, కలప కోతకి వెళ్లేవాడు. 1944 జూలై చివర్లో చెట్టు కూలి మీద పడి పోయాడు. కూతురు జెర్మేన్‌కి అప్పుడు పదేళ్లు. దుఃఖంలో ఉన్న మనిషి ఆ ఏడు కొత్త పంట ముట్టుకోకూడదు. పళ్లు కొయ్యకూడదు, మనోమిన్ మీద చెయ్యి వెయ్యకూడదు. ఏడాది తిరిగాక పెద్దవాళ్లు చెంచాతో కొత్త ధాన్యం నోట పెడితేనే ఆ అడ్డు తీరుతుంది. డెలీమా ఆ ఆగస్టంతా ఇంట్లోనే కూర్చుంది. పేనిన తాడు మూలన చుట్టలా పడి ఉంది. పోయిన మొగుడికి చెయ్యాల్సింది చేసింది, కానీ అమ్మమ్మకిచ్చిన మాట తప్పింది. ఆ సంగతి ఆవిడ ఎవరితోనూ అనలేదు. ముప్పై తొమ్మిదేళ్లు ఆ ముల్లు లోపలే పెట్టుకుని తిరిగింది.

సరే, 1977 చలికాలంలో హాల్వర్సన్ పోయాడు. గదులు కూలిపోయాయి. వారసులెవరూ పట్టించుకోక గట్టు కౌంటీ చేతికి, అంటే జిల్లా సర్కారు చేతికి, వచ్చింది. 1983లో కౌంటీవాళ్లు దాన్ని ముక్కలు చేసి వేలానికి పెడదామనుకున్నారు. సెలవుల బంగళాలు కట్టేవాళ్లు అప్పటికే హద్దు మేకులు పాతి చూసుకుంటున్నారు. ఒక మేకు వాబిగోన్ గుట్ట మీద దిగింది. అది విని డెలీమా రెండు రోజులు అన్నం ముట్టలేదు.

అప్పటికి జెర్మేన్ తెగ ఆఫీసులో పనిచేస్తోంది. పరుగెత్తి అర్జీ పెట్టింది. నానా తంటాలూ పడ్డాక కౌంటీ బోర్డు ఒక షరతు పెట్టింది. కంచె పడ్డ నాటి నుంచి హాల్వర్సన్ పోయేదాకా ఒక్క ఏడాది కూడా వదలకుండా ఈ కుటుంబం ఆ గట్టు దగ్గర తన హక్కు చూపించుకుంటూ వచ్చిందని రుజువైతే గట్టు తెగకి తిరిగిచ్చేస్తారు. ఒక్క ఏడు తప్పినా వేలమే.

"రుజువంటే?" అంది డెలీమా.

"కాగితాలమ్మా."

"మన దగ్గర కాగితాలుంటే ఈ గతెందుకు పడుతుందే!"

మే నెలలో విచారణ. కౌంటీ హాల్లో మడత కుర్చీలు, కాఫీ డబ్బా, ఎదురుగా బల్ల వెనక అయిదుగురు సభ్యులు. బంగళాలవాళ్ల తరఫున క్రాఫ్ట్ అనే లాయరు, ఇస్త్రీ మడత నలగని మనిషి. డెలీమా ముందు వరసలో కూచుంది, చేతిలో చిటికెడు పొగాకు పట్టుకుని. చేతిలో పొగాకుండగా అబద్ధమాడకూడదు. బాజిల్ వెనక వరసలో గోడకి చేరగిలబడ్డాడు. డెబ్బై తొమ్మిదేళ్లొచ్చినా ఆ టోపీ మాత్రం వదల్లేదు.

"ఆ గట్టుకి సంబంధించి ఆఫీసులో ఉన్న కాగితాలన్నీ తెప్పించమన్నాం" అన్నాడు బోర్డు పెద్ద. ఆఫీసు గుమాస్తా మిసెస్ టిల్లీ మూడు అట్టపెట్టెలు తోపుడుబండి మీద తోసుకొచ్చింది. ఆ పెట్టెలు చూడగానే డెలీమా పోల్చుకుంది. షెరీఫ్ చెప్పిన కాగితాలు ఇవే. అయిపోయింది, కొంప మునిగింది అనుకుంది.

మిసెస్ టిల్లీ కళ్లజోడు సర్దుకుని మొదటిది చదివింది. "1921 ఆగస్టు 23. అయ్యా, నా రేవు ముందు ఒక ఇండియన్ తెగ పిల్ల గడ్డిని తాళ్లతో కట్టేసింది. నా పడవ ఆగిపోయింది. ఒక తాడు కోసి దీనితో జతచేశాను, చూడండి. హాల్వర్సన్." కాగితానికి గుండుసూదితో గుచ్చి ఒక ఎండిపోయిన నారముడి ఉంది.

"తర్వాతది 1922 ఆగస్టు 19. అయ్యా, ఆ పిల్ల మళ్లీ కట్టింది."

"తర్వాత?"

"1923. మళ్లీ కట్టింది. 1924. ఎంత చెప్పినా వినడం లేదు. 1925. మీరు జీతాలు తీసుకుని ఏం చేస్తున్నట్టు?" మిసెస్ టిల్లీ తల ఎత్తింది. "అన్నీ ఇవేనండీ. ప్రతి ఏడూ రాశాడు. ప్రతిదానికీ ముడి గుచ్చాడు. పాపం, ఆయనకి వేరే పనున్నట్టు లేదు."

హాల్లో ముందు ఒకళ్లు కిసుక్కుమన్నారు, ఆ తర్వాత అందరూ ఘొల్లుమన్నారు. జెర్మేన్ తల్లి భుజం పట్టుకుని కుదిపేసింది. "అమ్మా, విన్నావా? ఆ ముసలాడు యాభై ఏడేళ్లు కూచుని మన రుజువు రాసి పెట్టాడే!"

డెలీమాకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక కూడా నమ్మబుద్ధి కాలేదు. తనని జైల్లో పెట్టించడానికి రాసిన కాగితాలు తన వైపు మాట్లాడుతున్నాయా! ఓరి హాల్వర్సన్, నీ అసాధ్యం కూలా!

చదవడం సాగింది. ముప్పైలు దాటాయి. నలభైలు వచ్చాయి. "1944 ఆగస్టు 21" అంది మిసెస్ టిల్లీ. "అయ్యా, ఆ ఆడమనిషి మళ్లీ కట్టింది. ఈసారి ముడులు మరీ దరిద్రంగా ఉన్నాయి, పంకా విడిపించడానికి రెండు గంటలు పట్టింది."

డెలీమా నవ్వు ఆగిపోయింది.

నోరు మూసుకుంటే గట్టు వచ్చేస్తుంది. హాల్లో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు. కానీ ఊరుకుంటే ఆ ఏడు తను మనోమిన్ ముట్టుకున్నట్టు ఒప్పుకున్నట్టే కదా. అలెక్సీ పోయి నెల తిరక్కుండానే పంటలో చెయ్యి పెట్టినట్టే. పైగా చేతిలో పొగాకు. అమ్మమ్మ గట్టు కావాలి, నిజమే. మొగుడి మీద అబద్ధం మోపి తెచ్చుకున్న గట్టు మీద ఎలా నిలబడుతుంది? కుర్చీ పట్టుకుని లేచింది.

"అది నేను కట్టలేదండీ" అంది.

"అమ్మా!" అంది జెర్మేన్, ప్రాణం పోయినట్టు.

"ఆ ఏడు మా ఆయన పోయాడు. దుఃఖంలో ఉన్నవాళ్లం మేం పంట ముట్టుకోం. నేను ఆ ఏడు సరస్సుకే వెళ్లలేదు. ఉన్నమాట చెప్పాలి కదా."

క్రాఫ్ట్ చటుక్కున లేచాడు. "ఆవిడే ఒప్పుకుంది. ఒక ఏడు తప్పింది. ఆ ముడి ఏ ఆకతాయి కట్టాడో ఎవరికి తెలుసు? షరతు తీరలేదు" అన్నాడు. సభ్యులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. బోర్డు పెద్దకి కూడా బాధగానే ఉంది, గడ్డం రుద్దుకుంటూ కూచున్నాడు. జెర్మేన్ మొహం చేతుల్లో దాచుకుంది.

"ఆ ముడి ఒకసారి నన్ను చూడనిస్తారా?" అంది డెలీమా.

మిసెస్ టిల్లీ కాగితం తెచ్చి చేతికిచ్చింది. డెలీమా ముడిని వెలుతురులో పట్టి తిప్పింది. మూడు చుట్లున్నాయి. ఉండాల్సినన్నే ఉన్నాయి. కానీ తాడు ఎడమ నుంచి కుడికి తిరిగింది. లోపలికి దోపాల్సిన కొస బయట కుక్కతోకలా వేలాడుతోంది.

ఆవిడ మెల్లిగా వెనక్కి తిరిగి చివరి వరస వంక చూసింది. బాజిల్ టోపీ మొహం మీదికి లాక్కున్నాడు.

"బావా" అంది.

"ఏంటే?"

"లే."

"మోకాళ్ల నొప్పి."

"లెమ్మన్నానా!"

బాజిల్ గోడ పట్టుకుని లేచాడు. "నేనేనండీ కట్టింది" అన్నాడు బోర్డు పెద్దతో, దొంగతనం ఒప్పుకుంటున్నవాడిలా. "వాబిగోన్‌కి నేనూ మనవణ్ణే. ఈవిడ చేతులు పంట ముట్టుకోకూడదు గానీ నా చేతులకి ఆ అడ్డు లేదు కదా. ఖాళీగానే ఉన్నాయి. ఒక ఏడు తాళ్లు కనబడకపోతే ఆ ముసలాడు మేం పోయామనుకుంటాడు. అలా అనుకుంటే నాకు మండుద్ది. అందుకని పొద్దున్నే మంచులో వెళ్లి కట్టొచ్చాను."

"మరి ఆవిడకి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?" అన్నాడు బోర్డు పెద్ద.

"చెబితే ముడి చూపించమంటుందండీ. చూసిందా, చచ్చేదాకా ఎగతాళి చేస్తుంది. ఇరవై ఏళ్లు దాన్ని వెక్కిరించి, నేనే వెళ్లి కట్టానని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"ఇదంతా ఇప్పుడల్లిన కథ" అన్నాడు క్రాఫ్ట్.

బోర్డు పెద్ద అట్టపెట్టెకి కట్టిన పురికొస విప్పించి, ఒక పెన్సిళ్ల కట్టతో పాటు బాజిల్ ముందు పెట్టాడు. "ఏదీ, కట్టండి చూద్దాం."

బాజిల్ ఎడంచేత్తో తాడందుకున్నాడు. నాలిక పళ్ల మధ్య నొక్కిపట్టి, చిన్నప్పుడు వాబిగోన్ ముందు కూచున్నట్టే కూచుని, మూడు చుట్లు అడ్డంగా తిప్పి లాగాడు. కొస బయటే వేలాడింది. మిసెస్ టిల్లీ 1944 నాటి ముడిని దాని పక్కన పెట్టింది. రెండూ ఒకే చేతివని చెప్పడానికి లాయరు అక్కర్లేదు. అంత వికారమైన ముడి ఇంకొకళ్ల వల్ల కాదు.

క్రాఫ్ట్ కూచున్నాడు. అయిదు చేతులు లేచాయి.

అమ్మయ్య! జెర్మేన్ ఏడుస్తూ నవ్వుతోంది, ఎవరెవరో వచ్చి డెలీమాని కావలించుకుంటున్నారు. ఆవిడకి మాత్రం గట్టు సంగతి ఇంకా ఒంటబట్టలేదు. ముప్పై తొమ్మిదేళ్ల ముల్లు ఊడిపోయిన చోట తడుముకుంటోంది. మాట తప్పలేదు. అమ్మమ్మకిచ్చిన మాట ఒక్క ఏడు కూడా తప్పలేదు. ఊపిరి ఇంత లోతుకి వెళ్తుందని ఆవిడకి చాలాకాలంగా గుర్తే లేదు. మిసెస్ టిల్లీని అడిగి ఆ 1944 ముడిని మాత్రం తీసుకుని రుమాల్లో కట్టుకుంది.

ఆగస్టులో రోడ్డు మీంచి వెళ్లారు. కంచె తీసేశారు. డెలీమా చెప్పులు విడిచి గుట్ట ఎక్కింది. చెక్క ఇల్లు ఎప్పుడో శిథిలమైపోయింది, చుట్టూ పెట్టిన రాళ్లు మాత్రం ఉన్నాయి. మేకు ఎవరో పీకేశారు. పొగాకు వేసి, కాస్త తిండి పెట్టి, రెండు కాళ్లూ ఆనించి ఆ పక్కనే నిలబడింది. "వచ్చానమ్మమ్మా, కొంచెం ఆలస్యమైంది" అంది. చాలాసేపు నిలబడింది. తొందరపెట్టే వాళ్లెవరూ లేరు.

తర్వాత గట్టు దిగారు. తమ రేవు నుంచే పడవ నీళ్లలోకి దించారు. బాజిల్ గెడ అందుకోబోయాడు. డెలీమా గెడ లాక్కుని జెర్మేన్‌కిచ్చి, తను పేనిన కొత్త తాడు చుట్ట తీసి బాజిల్ ఒళ్లో పడేసింది.

"ఇదేంటే?"

"కట్టు. ఈసారి అందరూ చూస్తుండగా కట్టు."

ఒడ్డు నిండా జనం ఉన్నారు. బాజిల్ తాడు వంకా మరదలి వంకా చూశాడు.

"ఎగతాళి చెయ్యకూడదు మరి."

"చేస్తాను" అంది డెలీమా, కళ్లు తుడుచుకుంటూ. "నువ్వు కట్టు బావా."